పద్దెనిమిదో ప్రశ్నకు అవును

"ఎండలో తిరిగి ఎక్కడ పడిపోతావో ఏమో. కుక్కలున్న ఇంటి గేటు తియ్యకు. మగవాళ్లే ఉన్నచోట మంచినీళ్లు కూడా అడక్కు. నాకెందుకో మనసు మనసులో లేదే" అన్నాను, నా కూతురు చెప్పులేసుకుంటుంటే.

"నేను వెళ్లేది మన లైన్లకే అమ్మా. ఇక్కడి కుక్కలు నన్ను చూస్తే తోకాడిస్తాయి" అని నవ్వింది.

నేను అన్నిటికీ భయపడ్డాను. దాని చేతిలో ఉన్న కాగితానికి తప్ప.

బట్టల మిల్లు మూతపడి పదకొండేళ్లయింది. దాని వెనక కార్మికుల ఇళ్ల లైన్లలో నాలుగు వందల పన్నెండు కుటుంబాలం మిగిలాం. నేను చొక్కాల షెడ్డులో కాజాలు కుడతాను. మా లైన్లలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల నా కూతురే. గొంతు సన్నమని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. మా మహానగరంలో ఇంకో పెద్ద వినోదాల పార్కు పెడితే నిలుస్తుందా, జనం వస్తారా అని తేల్చడానికి ఒక కంపెనీ సర్వే పెట్టింది. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపే పని పిచ్చుకకు దొరికింది.

ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలు. అవునంటే గడిలో ఒక టిక్కు పెడితే సరిపోతుంది. కాదంటే, ఎందుకు కాదో వెనకవైపు పది గీతల్లో రాయాలి. అలాంటివి ఎక్కువైతే సూపర్‌వైజరు ఫారాలు మొహాన కొట్టి మళ్లీ తిప్పేవాడు. రెండోరోజుకే పిల్ల అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆ సంగతి లైన్లన్నీ పాకింది.

"పార్కు పెడితే వెళ్తావా పెద్దమ్మా?" అని ఇస్త్రీ పెద్దమ్మను అడిగింది పిచ్చుక.

"వెళ్లడమేమిటే, రంగులరాట్నం మీదే ఇస్త్రీ బల్ల వేస్తా. అవునని కొట్టు."

"ఏడాదికి ఎన్నిసార్లు?"

"నీకెన్ని కావాలి?"

ఎదురింటి వెల్డరు గుమ్మంలోంచే అరిచాడు. "నా ఫారం నువ్వే నింపుకో చెల్లీ, అన్నిటికీ అవునే! నన్ను చేసుకుని మా ఆవిడ సుఖపడిందా అని ఉంటే దానిక్కూడా అవునే!"

"ఆ ఒక్కదానికీ పది గీతలూ నేను రాస్తా, ఆగు" అంది లోపల్నుంచి వాళ్లావిడ.

వీధంతా ఒకటే నవ్వు. వారం తిరక్కుండా అందరి ఫారాల మీదా సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. పద్దెనిమిదో ప్రశ్న ఇది: పార్కు కోసం ఈ ప్రాంతంలో జరిగే మార్పులకు మీరు సమ్మతిస్తున్నారా? మార్పులంటే వీధి దీపాలనుకున్నారు కొందరు. మురుగు కాలువ మీద మూతలనుకున్నారు ఇంకొందరు. డిగ్రీ చదివిన నా కూతురూ అదే అనుకుంది.

రెండు నెలలకు మిల్లు గేటుకు నోటీసు అంటించారు. ఈ నగరం కొత్త పార్కును మోయగలదట. స్థలం మిల్లు, దాని వెనక లైన్లు. నివాసులు నూటికి నూరుమందీ సమ్మతించారట. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి.

గేటు దగ్గర జనం పోగయ్యారు.

"నీ కూతురు మమ్మల్ని కంపెనీకి అప్పజెప్పింది!" అని వెల్డరు భార్య నా మొహమ్మీదే అంది.

"నేను సరిగ్గా చదవలేదు. తప్పు నాదే" అంది పిచ్చుక.

"తప్పు నీదైతే ఇల్లు మాదెందుకే పోవాలి?" అన్నాడు వెల్డరు. ఇస్త్రీ పెద్దమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. నాకు అదే ఎక్కువ తగిలింది.

నేనైతే తలుపేసుకుని కూర్చునేదాన్ని. పిచ్చుక మర్నాడే తెల్లకాగితాలు పట్టుకుని మళ్లీ ఇల్లిల్లూ ఎక్కింది. ఈసారి కాదని రాయించడానికి. మొదటిరోజు తలుపులు తెరుచుకోలేదు. రెండోరోజు వెల్డరే ఒక స్టూలు తెచ్చి గుమ్మంలో వేశాడు. మూడోరోజుకు జనమే పిచ్చుకను వెతుక్కుంటూ వచ్చారు. అందరి దగ్గరా చెప్పాల్సింది ఉంది. పది గీతలు చాలలేదు.

"మా ఆయన ఈ గోడకు ఆనుకునే ప్రాణం వదిలాడు. రాసుకో" అంది ఇస్త్రీ పెద్దమ్మ. "ఆ గోడ ఎక్కడికి మోసుకుపోను? అది కూడా రాయి."

పనిచేసి బతికేవాళ్లకూ, చదువుకునే పిల్లలకూ నేను చెప్పేది ఒకటే. ఎవరి మీద జాలితోనైనా సరే, చదవని కాగితానికి అవుననకండి. మా మంచితనాన్ని వాళ్లు మా మీదికే బుల్డోజరు చేసి తోలారు.

నోటీసు మీద విచారణ జరిగిన రోజు షెడ్డు పనులు, దుకాణాలు మానుకుని అందరం వెళ్లాం. హాలు పట్టక గోడల వెంట నిలబడ్డాం. కాగితాల కట్టలు బల్లమీద పెడితే అధికారి ముట్టుకోలేదు.

"అప్పుడు అవునన్నారు, ఇప్పుడు కాదంటున్నారు. ఇచ్చిన సమ్మతి సమ్మతే. ఆ ఫారాలు మీరు ఇచ్చినవి కావు, ఎవరో దొంగగా నింపారని తేలితే తప్ప నేను నోటీసు ఆపలేను."

ఆ మాట వినగానే నేను పిచ్చుక మణికట్టు పట్టుకున్నాను. అది నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

"నేనే నింపానండి. ఎవర్నీ అడగలేదు. సంతకాలూ నావే, వేలిముద్రలూ నావే" అంది.

దాని సన్నటి గొంతు హాలు చివరిదాకా వినిపించింది. ఎవరూ కాదనలేదు. నేను కూడా నోరు తెరవలేకపోయాను. దాన్ని పోలీసు జీపెక్కించారు. సాయంత్రానికి గేటు మీద నోటీసు తీసేశారు.

మూడు రోజులు మా గుమ్మంలో ఎవరో ఒకరు అన్నం గిన్నె పెట్టి, తలెత్తకుండా పోయారు. స్టేషన్లో కాసేపు చూడనిచ్చారు. ఏళ్ల తరబడి శిక్ష పడుతుందన్నాడు రైటరు. పిల్ల కళ్లు వాచి ఉన్నాయి.

"ఎవరికీ ఏం చెప్పకమ్మా. ఇళ్లు నిలబడనీ" అంది.

నేను తల్లిని. ఆ మాట వినలేకపోయాను.

నాలుగోరోజు మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గరికెళ్లి, ఒకప్పుడు షిఫ్టు మారేటప్పుడు కొట్టిన రైలుపట్టా ముక్కను రాయితో బాదాను. జనం వచ్చారు.

"నాకు మీటింగుల్లో మాట్లాడటం రాదు. ఒక్కటే అడుగుతాను. నా కూతురు మీ గుమ్మంలోకొచ్చి అడిగినప్పుడు అవునన్నది ఎవరు? ఆ నిజం స్టేషన్లో చెబితే నోటీసు మళ్లీ వస్తుంది, నాకు తెలుసు. నా ఇల్లూ అందులోనే ఉంది. చెప్పకపోతే నా బిడ్డ జైల్లోనే ముసలిదైపోతుంది. ఎవరన్నారు?"

వెల్డరు బొటనవేలితో మట్టి గీస్తూ ఉండిపోయాడు. వాళ్లావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎండ గేటు మీదనుంచి జారి మా కాళ్ల మీదికొచ్చింది. ఎవరి చంటిబిడ్డో ఏడ్చి, తనంతట తనే ఊరుకుంది. ఇక వీళ్లు మాట్లాడరు, నా కర్మ ఇంతే అనుకుని వెనక్కి తిరిగాను.

"నేనన్నాను."

ఇస్త్రీ పెద్దమ్మ చంకలోని బట్టల మూట కింద పెట్టింది.

"నా నోటితోనే అన్నాను, నా వేలితోనే ముద్ర వేశాను. పదవే, ఆ మాట ముందు స్టేషన్లో చెప్పి పిల్లను తెచ్చుకుందాం. కాదన్న మాట మాత్రం ఇక కాగితం మీద రాయను. వాళ్లు ఇల్లు పడగొట్టడానికి వచ్చిన రోజు, గుమ్మంలో నిలబడి చెబుతాను."