రెండు సోలల పల్లీలు, అరసోల మిరపకాయలు

పెద్దలకు పెట్టుకునే పెత్రమాసనాడు పొద్దుటి నుంచి పెంటయ్య కాలు ఒకచోట నిలవలేదు. భార్య సుశీల పోయాక వచ్చిన మొదటి పెత్రమాస అది. మధ్యాహ్నంలోగా ఆమె పేరున ఆకు వేసి, ఆమె ఇష్టపడి తిన్నవన్నీ వడ్డించాలి. అన్నిటికన్నా ఆమెకు ఇష్టం శెంగా చట్నీ. వేయించిన పల్లీలు, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉప్పు వేసి రోట్లో తనే దంచుకునేది.

కోడలు మనీషా చేస్తానంటే వద్దన్నాడు. మిక్సీలో తిప్పిన మట్టి తన భార్య ఆకులో పడదని కొడుకు ఎదుటే తెగేసి చెప్పాడు. కొడుకు సందీప్ మధ్యాహ్నానికి వస్తానని కుంఠా నాకా దగ్గరి మగ్గాల కార్ఖానాకు పోయాడు.

సుశీల ఏదైనా ఇత్తడి సోలతోనే కొలిచేది. రెండు సోలల పల్లీలకు అరసోల మిరపకాయలు. పెళ్లయినప్పటి నుంచి చూస్తున్న లెక్క. దుకాణంలో మాత్రం తూచి ఇస్తారు. తెచ్చిన కిలో పల్లీలు ఇంట్లో కొలిస్తే సరిగ్గా రెండు సోలలయ్యాయి. అంటే సోలంటే అరకిలో, అరసోలంటే పావుకిలో. ఇందులో ఒకరిని అడిగేదేముంది? కాయైనా పొడైనా ఒకటేననుకొని, మళ్లీ దుకాణానికి పోయి పావుకిలో కారప్పొడి ఇమ్మన్నాడు. ఇంట్లో పెళ్లి ఉందా కాకా అని దుకాణపు ఓంకార్ నవ్వాడు. తూచడం ఒక్కటే నీ పని అని పెంటయ్య కసిరాడు.

దంచడం మొదలుపెట్టగానే తుమ్ములు పట్టుకున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. రోట్లో పొడి ఇటుక రంగుకు వచ్చింది. పక్కింటి గడపలో బీడీలు చుడుతున్న చంద్రభాగ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఏం బావా, గల్లీల దోమలన్నీ సస్తున్నయి అంది. అతను రోకలి ఇంకా గట్టిగా వేశాడు.

నోట్లో వేసుకొని చూద్దామంటే వీల్లేదు. పెద్దలకు పెట్టేది ముందు ఎవరూ ఎంగిలి చేయకూడదు. కొలతే దిక్కు. కొలత తప్పలేదు కదా అనుకున్నాడు. అయినా చేతిలో రోకలి ఆగింది.

మనీషా వచ్చి రోట్లోకి చూసింది. డబ్బాలోంచి ఎండుమిరపకాయలు తీసి, తొడిమలు తుంచి, సోల సగానికి నింపి అతని దోసిట్లో పోసింది. దూది పట్టుకున్నట్టుంది. పొద్దున మోసుకొచ్చిన కారప్పొట్లం బరువు ఆ చేతులకు ఇంకా గుర్తుంది.

"అత్త కాయలు కొలుస్తుండె మామా, పొడి గాదు," అంది. "గింత కారం ఆమెకు పడకపోతుండె."

పెంటయ్య దుకాణాన్ని తిట్టాడు, పొట్లాన్ని తిట్టాడు. దంచినదంతా గిన్నెలోకి ఎత్తి మూలకు నెట్టి, రోలు తనే కడిగాడు. ఇంకో కిలో పల్లీలకు పోయినప్పుడు ఓంకార్ ముఖం చూడలేదు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. వేయించాడు, పొట్టు చెరిగాడు, ఈసారి కాయలనే సోలతో కొలిచి వేసి దంచాడు.

ఉప్పు దగ్గర మళ్లీ ఆగిపోయాడు. ఉప్పుకు సుశీల సోల ముట్టేది కాదు, పిడికిట తీసేది. అతను డబ్బాలో చెయ్యి పెట్టాడు. మగ్గం మీద మొద్దుబారిన చెయ్యి, పిడికిలి ఇంత లావున బయటికి వచ్చింది. వదిలేశాడు. మళ్లీ తీశాడు, మళ్లీ వదిలేశాడు.

"నీ చెయ్యి పెట్టు," అన్నాడు, గోడవైపు చూస్తూ.

మనీషా ఒక పిడికెడు తీసి రోట్లో వేసింది. సరిపోతుందా అని అడిగాడు.

"ఏమో మామా. అత్త చెయ్యి నా చెయ్యంతే ఉంటుండె."

సందీప్ వచ్చేసరికి ఆకు వేశారు. అన్నం పక్కన చట్నీ పెట్టి దండం పెట్టుకున్నారు. సందీప్ ఆకలంటూ పీట వాల్చుకున్నాడు. పెంటయ్య కూర్చోలేదు. బయటికి పోయి గల్లీ చివరిదాకా నడిచాడు, తిరిగొచ్చాడు, గడప దాటకుండా లోపలికి తొంగి చూశాడు. ఉప్పు ఎక్కువైందో, తక్కువైందో. మనీషా అతని పళ్లెంలో చట్నీ వేయబోతూ, తిందురు రమ్మని పిలిచింది.

"ఆగు," అన్నాడు. "ముందు ఆమెను తిననియ్యి."