ఇత్తడి అతుకు

ఆ రోజు గవర్రాజు పూర్ణా మార్కెట్ వెనక కన్నబాబు పాత ఇనుము కొట్టుకి వెళ్ళింది సైకిలు కోసం కాదు. ఇంట్లో నీళ్ళ పంపుకి పాత వాల్వు ఏదైనా దొరుకుతుందేమోనని వెళ్ళాడు. అది 2001 జూలై. స్టీల్ ప్లాంటులో యంత్రాలు ఆపి చేసే పది రోజుల షట్‌డౌన్ పని ముగిసింది. నడుము పట్టేసింది, కళ్ళల్లో ఇసక పోసినట్టుంది. వాల్వు చేతికొస్తే కొబ్బరితోట పేటలో ఇంటికెళ్ళి పడుకోవాలన్నది తప్ప వేరే కోరిక లేదు. యాభై మూడేళ్ళ మనిషి. అందులో ముప్పై ఏళ్ళు నిప్పు ముందే గడిచాయి. మొదట ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో, తర్వాత ప్లాంటులో కాంట్రాక్టరు కింద వెల్డరుగా. ఇంక ఆ మంట వైపు చూడటం తగ్గించమని కంటి డాక్టరు రెండేళ్ళ నుంచీ చెబుతూనే ఉన్నాడు.

వాల్వుల గుట్టకి అడ్డంగా ఒక సైకిలు ఫ్రేము పడి ఉంది. పక్కకి లాగేద్దామని, మామూలు ఫ్రేముకి ఎంత బలం పెట్టాలో అంత పెట్టి ఎత్తాడు. చెయ్యి ఒక్కసారిగా గాల్లోకి లేచి, ఫ్రేము పైనున్న రేకుకి తగిలింది. రేకు కంటే ఫ్రేమే గట్టిగా, గుడిగంటలా మోగింది.

"ఏటి కన్నబాబూ, ఇది అల్యూమినియమా?"

"అల్యూమినియమైతే ఇక్కడ పడుంటాదా? ఇనవే. అయస్కాంతం అంటుకుంటంది," అన్నాడు కన్నబాబు కుర్చీలోంచి లేవకుండానే. "బీమిలి సైడు తిరిగే బేరగాడు తెచ్చేడు. కోళ్ళగూటికి తలుపు కింద వాడేరంట. తూకానికి ఏటీ రాదు. కావాలంటే పట్టుకుపో."

వాల్వు దొరకలేదు. ఫ్రేము భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఎందుకు తెచ్చాడో అతనికే సరిగ్గా తెలీదు. అంత తేలికైన ఇనుమును చూసి చాలా కాలమైంది, అంతే.

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న భార్య నాగమణి తలెత్తి చూసింది. "వాల్వు కోసమని ఎల్లి ఏటి తెచ్చేవు?"

"ఫ్రేము."

"అది నాకూ కనబడతంది. సక్రాల్లేని సైకిలెక్కి ఎక్కడికెల్తావు?"

అతను దాన్ని పెరట్లో గోడకి ఆనించి, వెళ్ళి పడుకున్నాడు.

తర్వాత వారం పని లేదు. రోజూ పొద్దున్నే టీ తాగి, పెరట్లో పీట వేసుకుని ఫ్రేము గీకడం మొదలుపెట్టాడు. పైన నీలం రంగు, బోట్లకి వేసే చవక రంగు. దాని కింద ఎర్ర ప్రైమరు. గీకుతుంటే ఆ ఫ్రేము తన సంగతులు ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది. గొట్టాలు కలిసే చోట తొడుగుల అంచులు ఆకు కొనల్లా సన్నగా ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. కార్ఖానాలో వందలకొద్దీ చేసే పని కాదది, ఎవరో కూర్చుని చేతితో చేసిన పని. స్టాండుకి గానీ, క్యారియరుకి గానీ ఎక్కడా చోటు లేదు. వెనక చక్రం దగ్గర కుడివైపు గేరు తగిలించే కొక్కెం ఉంది. ముందు గొట్టానికి రెండు చిన్న బెజ్జాలు. కంపెనీ బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. పెడల్ ఇరుసు తిరిగే గొట్టం అడుగున అయిదంకెల నెంబరు, పక్కన నెత్తిమీద రెండు చుక్కలున్న ఇంగ్లీషు అక్షరం లాంటిది. ఏ దేశానిదో మరి.

అసలు గుట్టు గోటితో కొట్టినప్పుడు తెలిసింది. గొట్టం వెంట గోరు కొట్టుకుంటూ పోతే, చివర్ల దగ్గర మొద్దుగా పలికింది, మధ్యలో ఖణేల్మంది. అంటే చివర్లు దళసరి, మధ్యలో కోడిగుడ్డు పెంకంత పలచన. గవర్రాజు చేతిలో ఆకురాయి పక్కన పెట్టాడు. పందేల సైకిలు. పై దేశానిది. ఈ ఊళ్ళోకి ఇలాంటివి ఓడ మీద తప్ప రావు.

నాలుగో రోజు ఎర్ర ప్రైమరు కింద రంగు బయటపడింది. ముదురు ఆకుపచ్చ. ఎప్పుడో చూసిన రంగులా అనిపించింది. ఎక్కడ చూశాడో వెంటనే తట్టలేదు. కింది వాలు గొట్టం మీద, ముందు తొడుగుకి రెండంగుళాల దూరంలో ఉబ్బెత్తుగా ఉన్న చోటు మాత్రం మిగిలింది. అక్కడ రంగు కింద ఎవరో పుట్టీ కూరారు. ఉలితో పుట్టీ రాల్చాడు. లోపల గొట్టం ముప్పావు వంతు చీలి నోరు తెరుచుకుని ఉంది. చీలిక పక్కనే పాత గ్యాస్ వెల్డింగు గీత. గీత చివర ఎడమవైపుకి కొక్కెంలా చిన్న వంపు.

గవర్రాజుది ఎడమచేతి వాటం. వెల్డింగు ముగించేటప్పుడు మంటను అలా ఎడమకి తిప్పి తీసెయ్యడం అతని అలవాటు. షెడ్డులో అందరూ నవ్వేవారు, నీ సంతకం పెట్టేశావురా అని.

1979. షెడ్డుకి ఒక మధ్యాహ్నం విజయరత్నం వచ్చాడు. భీమిలి కుర్రాడు, షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తా, హార్బరులో తరచూ కలుస్తూ బావా అని పిలుచుకునే చనువు. ఏదో ఓడ ఇంజనీరు వదిలేసి పోతూ అతనికిచ్చిన ఆకుపచ్చ సైకిలు తెచ్చాడు. టౌను నుంచి భీమిలి దాకా ఆదివారం పందెం. గొట్టానికి వెంట్రుకంత బీట. పలచని గొట్టం వేడికి కమిలి పెళుసెక్కకుండా, తక్కువ మంటకే కరిగే ఇత్తడితో అతుకు పెట్టాలని గవర్రాజుకి తెలుసు. షెడ్డులో ఇత్తడి కడ్డీ అయిపోయింది, సోమవారం గానీ రాదు. యజమాని భోజనానికి వెళ్ళాడు. షెడ్డులో బయటివాళ్ళ పని చేశాడని అంతకు ముందు నెలే ఒకణ్ణి తీసేశాడు. ఆ అరగంటలో, బోటు పనికి వాడే పెద్ద నాజిలుతోనే, ఇనప కడ్డీతో కలిపేశాడు. పక్కన గొట్టం నీలంగా కమిలిపోవడం కళ్ళతో చూశాడు. "గట్టిగానే ఉంటాది బావ," అన్నాడు.

ఆదివారం భీమిలి రోడ్డు దిగుడులో విజయరత్నం పడిపోయాడని, గేదె అడ్డొచ్చిందని, మోకాలు నుజ్జయిందని తర్వాత విన్నాడు. అయ్యో అనుకున్నాడు. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళాలనుకున్నాడు. వెళ్ళలేదు. గేదె అని అందరూ అంటుంటే తనూ గేదె అనే నమ్మాడు. ఇప్పుడు చూస్తే చీలిక సరిగ్గా ఆ కమిలిన చోటే ఉంది.

ఆ రోజుతో గీకడం ఆపేశాడు. ఫ్రేము మీద గోనెసంచి కప్పాడు. మళ్ళీ పని పిలుపొచ్చింది, వెళ్ళాడు. చేస్తున్నాడు, తింటున్నాడు, పడుకుంటున్నాడు. ప్రతి అతుకునీ రెండుసార్లు చూసుకుంటున్నాడు. సూపర్‌వైజరు విసుక్కున్నాడు. మూడు వారాలు అలా గడిచాక నాగమణి నిలదీసింది. "ఏటయ్యా, ఒంట్లో బాగోలేదా? ఆ గోనె కింద శవవేటైనా ఉందా?"

చెప్పాడు. ఆమె అంతా విని, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన బతికున్నాడా?"

"తెల్దు."

"తెలుసుకో మరి. తెల్దని కూకుంటే ఇరవై రెండేళ్ళు అయిపోనాయి. ఇంకెన్నాళ్ళు కూకుంటావు?"

కన్నబాబు బేరగాణ్ణి అడిగి చెప్పాడు. భీమిలి బస్టాండు ఎదురుగా ఎస్టీడీ ఫోను బూతు నడిపే ఆయన, కుంటి మాస్టారు అంటారు, ఆ ఫ్రేముని వాళ్ళావిడే అమ్మేసిందట. ఆదివారం మధ్యాహ్నం గవర్రాజు బస్సెక్కాడు. చేతులు ఊపుకుంటూ వెళ్ళడం బాగోదని అరటిపళ్ళు కొన్నాడు. దారిలో అవి మరీ సిగ్గుచేటుగా అనిపించాయి. దిగేటప్పుడు సీటులోనే వదిలేశాడు.

బూతులో విజయరత్నం ఎవరికో నంబరు కలుపుతున్నాడు. జుట్టు నెరిసింది. ఎడమ కాలు చాపుకుని స్టూలు మీద పెట్టుకున్నాడు. ఫోను చేసుకున్న మనిషి వెళ్ళిపోయేదాకా గవర్రాజు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏ ఊరికి?" అన్నాడు విజయరత్నం.

"ఫోనుకి కాదండి. నాను గవర్రాజుని. హార్బరు షెడ్డు."

విజయరత్నం కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "కూర్చో."

గవర్రాజు కూర్చోలేదు. "మీ సైకిలు నా దగ్గరికొచ్చిందండి. పాత ఇనుములో. గీకి చూసేను. అది గేదె వల్ల కాదు. నా అతుకే ఇరిగింది. నాకిప్పుడే తెలిసింది. అది సెప్పడానికొచ్చేను."

"నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు విజయరత్నం. "నాతో పాటు సైకిల్ని కూడా రిక్షాలో వేసి ఆసుపత్రికి తెచ్చారు. వరండాలో పడుకోబెట్టారు, నన్నూ దాన్నీ. చూస్తూనే ఉన్నాను."

"మరి గేదె అని..."

"నేనే చెప్పాను. అతుకు అంటే ఎవడు వేశాడంటారు. నీ ఉద్యోగం పోద్దని అతుకు వేస్తూ నువ్వే అన్నావు కదా. పైగా సోమవారం దాకా ఆగు, ఇత్తడితో చేస్తాను అని రెండుసార్లు చెప్పావు. నేనాగలేదు. పందెం పిచ్చి."

గవర్రాజు అప్పుడు కూర్చున్నాడు. సోమవారం దాకా ఆగమని తను అన్నట్టు అతనికి గుర్తే లేదు.

"అలాగని కోపం లేదనుకోకు," అన్నాడు విజయరత్నం. గొంతు పెరగలేదు. "పదేళ్ళుంది. షిప్పింగ్ ఆఫీసులో తీసేశారు, మెట్లెక్కలేనని. నేనెక్కిన బస్సు హార్బరు పక్కనుంచి వెళ్తే మొహం తిప్పుకుని కూర్చునేవాణ్ణి. ఒక్కసారి వస్తావేమోనని ఆసుపత్రిలో ఎదురుచూశాను. నువ్వు రాలేదు."

"రాలేదు," అన్నాడు గవర్రాజు.

బస్సు ఒకటి వచ్చి ఆగింది, వెళ్ళింది. లోపల్నుంచి విజయరత్నం భార్య మిరియం టీ తెచ్చి ఇచ్చి, కొత్త మనిషిని ఒకసారి చూసి వెళ్ళింది.

"తర్వాత ఎప్పుడు పోయిందో తెలీదు ఆ కోపం," అన్నాడు విజయరత్నం టీ ఊదుకుంటూ. "మొయ్యడానికి కూడా ఓపికుండాలి కదా. ఆ సైకిల్నేం చేద్దామనుకుంటున్నావు?"

"బాగుసేత్తానండి. మీరు ఒప్పుకుంటే."

"మీరేంటి కొత్తగా? దేంతో చేస్తావు?"

"ఇత్తడితో, బావ."

విజయరత్నం మొదటిసారి నవ్వాడు. "అయితే చెయ్."

పని నెలన్నర పట్టింది. కమిలిన ముక్క రెండంగుళాలు కోసి తీసేశాడు. లోపల సరిపోయేలా ఒక తొడుగు, తెలిసినవాళ్ళ లేతు మిషను మీద తనే నిలబడి తీయించాడు. పైన కొత్త గొట్టం ముక్క. ఇత్తడికి మంట చిన్నగా ఉండాలి, గొట్టం పండుమిరప ఎరుపు దాటకూడదు. ఆ ఎరుపు కనిపించాలంటే నీడ కావాలి. వంటింటి పక్క వసారాకి గోనెలు కట్టి చీకటి చేసుకున్నాడు. అయినా కళ్ళు సహకరించలేదు. మంట మధ్యలో నల్ల చుక్కలు ఈదుతున్నాయి. మొదటిసారి ఇత్తడి పారలేదు, తామరాకు మీద నీళ్ళలా గుండ్లు కట్టింది. లోపల తుప్పు పూర్తిగా పోలేదన్నమాట. గవర్రాజు గ్యాస్ టార్చి ఆపి నేల మీద కూలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు ఇలాంటి చోట కళ్ళు మూసుకుని చేసేవాడు. ఇప్పుడు మెడ వంచితే నడుము పట్టేస్తోంది.

"వదిలెయ్యకూడదా?" అంది నాగమణి.

"వదిలెయ్యడం ఒకసారి సేసేను కదా."

మళ్ళీ విప్పి, మళ్ళీ గీకి, ఆమ్లంతో కడిగి, రెండ్రోజులాగి ఇంకోసారి వెలిగించాడు. ఈసారి "ఎరుపొచ్చిందా సెప్పు" అని నాగమణిని పక్కన నిలబెట్టుకున్నాడు. ఆమె "వచ్చింది" అన్నాక కడ్డీ తాకించాడు. ఇత్తడి తేనెలా జారి అంచు చుట్టూ తిరిగి, రెండో వైపు సన్నటి బంగారు గీతలా బయటికొచ్చింది. ఫ్రేముని అలాగే చల్లారనిచ్చారు.

తర్వాత నూలు దారం కట్టి ఫ్రేము వంకర ఉందేమో చూశాడు. వెనక వైపు కొద్దిగా తిరిగి ఉంటే ఒత్తి సరిచేశాడు. రంగు మనిషి దగ్గర అదే ఆకుపచ్చ కలిపించాడు. చక్రాలు కన్నబాబు వెతికిపెట్టాడు, సన్న టైర్లవి. హ్యాండిల్ మామూలుది. పాతవి దొరకవు. చూసినవాళ్ళకి పాత మనిషికి కొత్త చెప్పులు తొడిగినట్టుంది.

బస్సు పైన కట్టి పంపమంది నాగమణి. గవర్రాజు ఒప్పుకోలేదు. ఆ అతుకు మీద మొదట బరువు పెట్టాల్సింది తనే. ఒక ఆదివారం తెల్లవారాక బయలుదేరాడు. మధురవాడ దాటేసరికి తొడలు రాళ్ళయ్యాయి. రెండుచోట్ల దిగి నడిపించుకున్నాడు. చెరుకురసం బండి దగ్గర కూర్చుని, ఇక్కణ్ణుంచి బస్సెక్కేద్దామా అని నిజంగానే అనుకున్నాడు. చివరికి విజయరత్నం పడ్డ ఆ దిగుడొచ్చింది. బ్రేకు మీద వేళ్ళు పెట్టాడు గానీ నొక్కలేదు. గాలి చెవుల్లో హోరెత్తింది. కాళ్ళ మధ్య గొట్టం వణకలేదు, చప్పుడు చెయ్యలేదు. కింద చదును మీదికొచ్చాకే బ్రేకు నొక్కాడు.

విజయరత్నం బూతు బయటికి కుంటుకుంటూ వచ్చాడు. వంగలేక ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో వాలు గొట్టం కింద తడిమాడు. అతుకు ఎక్కడుందో వేలికి దొరకలేదు.

"ఎక్కడ?"

గవర్రాజు అతని వేలు పట్టుకుని చూపించాడు.

"నువ్వే తొక్కుకుంటూ వచ్చావా?"

"మరెవరు తొక్కాల?"

"ఈ వయసులో బుద్ధి ఉండాలి," అన్నాడు విజయరత్నం. వెనక్కి తిరిగి, "మిరియం, ఇంకో కంచం పెట్టు," అని కేకేశాడు.

చేపల పులుసుతో అన్నం తిన్నారు. సైకిలు ఎవరు తొక్కుతారని ఎవరూ అడగలేదు. విజయరత్నం మోకాలు వంగదు. అతను దాన్ని బూతు లోపల, కూర్చుంటే కనిపించేచోట, గోడకి ఆనించుకున్నాడు. గవర్రాజు మూడు గంటల బస్సెక్కి, కిటికీకి తల ఆనించి, వెంటనే నిద్రపోయాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయాక కండక్టరు భుజం తట్టి లేపాడు.