మా మీద కేసు పెట్టు, సెల్విన్

బుల్డోజరు కోలారే వాగులోకి దిగినప్పుడు రోడా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దుప్పటి పిండుతోంది. చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. చేతిలో దుప్పటీ ఎర్రబడింది. గట్టు మీద ఆడవాళ్ళు ఖాళీ డబ్బాలు పట్టుకుని కొయ్యబారిపోయారు. తిరోహా ఊరంతటికీ తాగునీళ్ళు అవే.

రోడా యంత్రానికి అడ్డం పోయింది. "ఎవడిచ్చాడ్రా నీకు అనుమతి?"

దుంగల కంపెనీ మేస్త్రీ కిందికి దిగి జేబులోంచి మడత కాగితం తీశాడు. "అరవకమ్మా. మీరే ఇచ్చారు. ఇదిగో, మీ ఆడాళ్ళవి ముప్పై ఒక్క వేలిముద్రలు. కింద మీ నాయకుడి సంతకం. ఇప్పుడు రోడ్డే. వానలు తగ్గాక పైకొండ నరుకుతాం."

అలా చూపించి ఇలా మడిచేశాడు. ఆ కాస్తలోనే రోడా నీలి సిరా చూసింది. పైనుంచి మూడో ముద్ర పక్కన వాళ్ళమ్మ హిల్డా పేరు చూసింది.

ఆ సిరా ఊళ్ళో అందరికీ తెలుసు. ఈస్టరు ముందు సెల్విన్ వచ్చాడు. హిల్డాకి తమ్ముడు, రోడాకి మేనమామ, ప్రాంతీయ సభలో సభ్యుడు. నీళ్ళ ట్యాంకు తెప్పిస్తానని తల్లుల సంఘాన్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా వేలు సిరా డబ్బాలో అద్దించాడు. ట్యాంకు రాలేదు. బుల్డోజరు వచ్చింది.

వాళ్ళ ఇసబెల్ ద్వీపంలో భూమి తల్లి నుంచి కూతురికి దిగుతుంది. భూమి గురించి మాట మాత్రం మేనమామ నోట్లోంచి రావాలి. దొంగతనానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏ దొర వచ్చి చెయ్యగలడు?

రోడా అడవుల ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగింది. ఆ కాగితం ఒక్కసారి చూపించండి బాబూ అంది. "ఫైలు కనబడటం లేదు," అన్నారు. చివరిసారి వెళ్ళినప్పుడు గుమస్తా నవ్వాడు కూడా. ఆ నవ్వే ఆమెను కాల్చింది.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసి ప్రకటనలు చెప్పుకునే వేళ రోడా లేచింది. కేకుల అమ్మకం గురించి చెబుతుందనుకున్నారు.

"సెల్విన్ ట్యాంకు పేరు చెప్పి మా అమ్మల వేలిముద్రలు దొంగిలించాడు. వాటితో పైకొండను కంపెనీకి అమ్మాడు."

చర్చిలో ఊపిరి ఆగింది. దొంగ అన్నందుకు కాదు. మేనకోడలు మేనమామను పేరు పెట్టి పిలిచింది! అలాంటిది ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. ముందు బెంచీలో సెల్విన్ కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రమే పెద్దమనుషులు హిల్డా ఇంటికి వచ్చారు. నోరు జారింది కాబట్టి అవమానం కడగాలి, ఆ తర్వాత కూర్చుని కాగితం సంగతి మాట్లాడుకోవచ్చు అన్నారు. హిల్డా ఎదురు చెప్పలేదు. ఆచారం ప్రకారం గవ్వల దండా, పందీ తీసుకెళ్ళి తమ్ముడి గుమ్మంలో పెట్టింది. దారి శుభ్రం చేసుకున్నాం, ఇక మాట సాగుతుందని నమ్మింది. ఆ ద్వీపంలో పుట్టిన ఎవరైనా అదే నమ్ముతారు.

మాట సాగలేదు. రెండు వారాలకు ఓడలో రాజధాని హోనియారా నుంచి వకీలు నోటీసు వచ్చింది. రోడా మీద పరువునష్టం కేసు. ఏడు రోజుల్లో చర్చిలోనూ రేడియోలోనూ తప్పు ఒప్పుకోవాలి. లేదంటే బతుకంతా కట్టినా తీరని పరిహారం. ఆఖర్న ఒక వాక్యం: 'ప్రతివాది కుటుంబం గవ్వల దండ, పంది సమర్పించి, ఆమె అన్నది అబద్ధమని ఇదివరకే అంగీకరించింది.'

హిల్డా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. "నా చేత్తో నేనే నా కూతురి గొంతుకు ఉరేశానా?" అంది.

మర్నాడు వంటపాకలో ఆడవాళ్ళంతా చేరారు. కస్సావా దుంపలు చెక్కుతున్న కత్తులు ఆగిపోయాయి.

"ఒప్పేసుకోవే," అంది ఒక పెద్దావిడ. "రెండు మాటలు చదివేస్తే పోతుంది."

"ఏంటి పిన్నీ పోయేది? కొండ పోతుంది! నేను అబద్ధమన్నానంటే ఆ వేలిముద్రలు నిజమైపోయినట్టే కదా."

"మరి కేసు?"

రోడా నోటీసు మడిచి పక్కన పెట్టింది. మేబెల్ తల వంచుకుని అంది: "మా ఆయన దుంగల కంపెనీ క్యాంపులో పని చేస్తున్నాడు. నేను మీటింగుకి వెళ్తే తన పని పోతుందన్నాడు. చెప్పకుండా వచ్చా."

మూలన వక్క నములుతున్న నెస్టర్ ముసలాయన గట్టిగా నవ్వాడు. హోనియారా కోర్టులో ఇరవై రెండేళ్ళు బంట్రోతుగా చేసిన మనిషి. చదివింది మూడో తరగతి. జడ్జీలను మాత్రం చాలామందిని చదివాడు.

"ఏడుస్తారేంటే పిచ్చిమొహాల్లారా! ఆడు మీకు తాళంచెవి పంపితే!"

"తాతా, ఇది నవ్వులాటా?" రోడా కసిరింది.

"ఇనవే. మూడు నెల్లు తిరిగావు, కాగితం చూపించారా? లేదు. ఇప్పుడు ఆడే కోర్టుకెక్కాడు. నా పరువు పోయింది, ఇది అబద్ధం అంటున్నాడు. నువ్వు నిజమే అన్నాననుకో, జడ్జీ ఏమంటాడు? ఏదీ ఆ కాగితం తే అంటాడు. అడవుల ఆఫీసోడు నిన్ను చూసి నవ్వాడు గాని, జడ్జీని చూసి నవ్వలేడు."

ఆడవాళ్ళు ముసలాయన వైపు జరిగారు.

"ఇంకోటి. ముప్పై ఒక్క వేళ్ళుంటే నోటీసు ఒక్కదానికే ఎందుకొచ్చింది? ఒక్కదాన్నయితే భయపెట్టొచ్చని. మేబెల్‌కి మొగుడి భయం, సరే. మిగతా ముప్పై నోళ్ళు ఏం చేస్తున్నాయి? వక్క నముల్తున్నాయా?"

"నువ్వే కదా నముల్తున్నది," అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. నోటీసు వచ్చాక ఆ ఆడవాళ్ళు నవ్వడం అదే మొదలు.

మేబెల్ మాత్రం నవ్వలేదు. "ముప్పై కాదు తాతా. ముప్పై ఒకటి. నన్ను కూడా లెక్కెయ్యి," అంది.

ఏడో రోజు ఆదివారం. రోడా క్షమాపణ వినడానికి సెల్విన్ కొత్త చొక్కాలో వచ్చాడు. పక్కన రేడియో మనిషిని కూర్చోబెట్టుకున్నాడు. రోడా లేచింది. "నేను రోడాని. సెల్విన్ మా అమ్మల వేలిముద్రలు దొంగిలించాడు," అంది. కూర్చోలేదు.

వెనక మేబెల్ లేచింది. "నేను మేబెల్ని. సెల్విన్ నా వేలిముద్ర దొంగిలించాడు."

ఒకరి తర్వాత ఒకరు. గొంతు వణికినవాళ్ళున్నారు, కేకేసినవాళ్ళున్నారు, పాలు తాగే బిడ్డను చంకన వేసుకుని లేచినవాళ్ళున్నారు. బెంచీలు ఖాళీ అయిపోతున్నాయి. మగవాళ్ళ వైపు నుంచి "చాలు, చాలు!" అని అరుపులు. "కూర్చోండి, ఆచారం లేదా మీకు?"

సెల్విన్ చేతులెత్తి తియ్యగా అన్నాడు: "నా అక్కచెల్లెళ్ళ మీద నాకు కోపం లేదు. మీకు చెప్పుడు మాటలు నూరిపోశారు. కేసు ఆ ఒక్క పిల్ల మీదే."

అప్పుడు హిల్డా లేచింది. ఆ ద్వీపంలో అక్క తమ్ముడి మొహంలోకి చూసి మాట్లాడదు. ఒకే చాప మీద కూర్చోదు. అతను ఎదురైతే ఇంటి వెనక నుంచి పోతుంది. యాభై ఏళ్ళు అలా పోయిన మనిషి ఆడవాళ్ళ వరస దాటి, నడవ దాటి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"చెప్పుడు మాటలు కాదు తమ్ముడూ. వేలు నాది. గవ్వల దండ ఎందుకిచ్చాను? నా కూతురు మేనమామను పేరు పెట్టి పిలిచింది, ఆ తప్పుకి ఇచ్చాను. అబద్ధానికి ఇవ్వలేదు. నా బిడ్డ అబద్ధం ఆడలేదు. నువ్వు నా గవ్వల్ని కూడా పట్టుకెళ్ళి వకీలుకి సాక్ష్యంగా అమ్ముకున్నావు. నా మీద కూడా కేసు పెట్టు."

రేడియో మనిషి యంత్రం ఆపలేదు. సాయంత్రానికి ద్వీపమంతా విన్నది. మర్నాడు క్యాంపులో మేబెల్ మొగుడు హడ్సన్‌ను పని నుంచి తీసేశారు.

ఆరు వారాలకు హోనియారా కోర్టు పిలిచింది. ఊరంతా చందాలేసుకుని, చిలగడదుంపలు మూటగట్టుకుని, రోడాతో పాటు ముప్పై ఒక్కమందీ ఓడ డెక్కు మీద వెళ్ళారు. వాళ్ళ తరఫు ఉచిత న్యాయవాది ఒకటే అడిగింది: అసలు కాగితం. నెస్టర్ చెప్పినట్టే అయింది. శుక్రవారంలోగా తెమ్మని జడ్జీ ఆదేశించాడు.

శుక్రవారం వచ్చింది. కాగితం రాలేదు. సెల్విన్ వకీలు లేచి కోటు సర్దుకున్నాడు. "నా క్లయింటు విశాల హృదయంతో, కుటుంబ శాంతి కోసం కేసు ఉపసంహరించుకుంటున్నారు."

జడ్జీ రెండు నిమిషాల్లో సంతకం పెట్టాడు. "అమ్మా, నీ మీద ఏ కేసూ లేదు. ఇంటికెళ్ళు."

నెలన్నరగా రోడా కలలు కన్నది ఆ మాట కోసమే. ఆమె గుండెల మీంచి బండ దిగింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. కేసు లేకపోతే కాగితం లేదు. వానలు తగ్గాయి. పైకొండ మీద రంపాలు సోమవారం మొదలవుతాయి. సెల్విన్ తనను వదిలేసి కొండను పట్టుకుపోతున్నాడు!

ఆమె బయటికి వచ్చి కోర్టు మెట్ల మీద నిలబడింది. ఎదుట బజారుకి పోయే జనం.

"నేను రోడాని! తిరోహా ఊరు మాది! ప్రాంతీయ సభ సభ్యుడు సెల్విన్ మా వేలిముద్రలు దొంగిలించాడు! అబద్ధమైతే మళ్ళీ కేసు పెట్టమనండి!"

వకీలు పరుగున వచ్చాడు. "నోరు ముయ్యి! ఇది మళ్ళీ పరువునష్టం, తెలుసా?"

"తెలిసే అంటున్నాం సారూ. పెట్టండి కేసు. ఇప్పుడే పెట్టండి. ఈసారి అందరి మీదా పెట్టండి. కాగితం తెండి."

ముప్పై ఒక్క గొంతులు అందుకున్నాయి. చేపల బుట్టలు దించి జనం మూగారు. సెల్విన్ కారు ఎక్కబోతే దారి లేదు. కానిస్టేబులు లాఠీ తీశాడు. "చెదిరిపొండి! పెద్దమనిషిని పట్టుకుని దొంగంటారా? ఎవరు చూశారు?"

"నేను చూశాను."

జనంలోంచి హడ్సన్ వచ్చాడు. ఆడవాళ్ళ వెనక మరో ఓడలో వచ్చినట్టున్నాడు. కాళ్ళకు ఇంకా క్యాంపు బూట్లే. పెళ్ళాం మొహం వైపు ఒకసారి చూసి మెట్టెక్కాడు.

"ఈస్టరు ముందు ఈయన్ని పడవలో తిరోహా తీసుకెళ్ళింది నేను. ముద్రలు వేయించింది ఖాళీ కాగితం మీద. పైన రాత తర్వాత క్యాంపు ఆఫీసులో టైపు కొట్టారు. బల్ల పక్కనే ఉన్నా. ఇన్నాళ్ళూ కూలి కోసం నోరు మూసుకున్నా."

"ఆలోచించి మాట్లాడు," వకీలు వేలు చూపించాడు. "నీ పేరు రాయించుకుంటాను."

"రాయించుకో. హడ్సన్ తానికా. రంపం కార్మికుడు. మా క్యాంపులో ఇంకా నలభై మందికి తెలుసు, వాళ్ళ పేర్లు కూడా కావాలా?"

మేబెల్ వచ్చి అతని పక్కన నిలబడింది. హిల్డా నిలబడింది. కానిస్టేబులు లాఠీ చంకన పెట్టుకుని, చొక్కా జేబులోంచి పుస్తకం తీశాడు. "సరే. ఒక్కొక్కరూ రండి, ఫిర్యాదు రాసుకుంటాను," అన్నాడు.

వాళ్ళు వరస కట్టారు.