అమ్మ ఆట

మా కాలేజీలో ఒక పిల్లల బడి ఉంది. వాళ్ళు ఆడుకునే గదికీ మేం కూర్చునే చీకటి గదికీ మధ్య పెద్ద అద్దం. అటువైపు వాళ్ళకి వాళ్ళ ముఖాలే కనిపిస్తాయి, ఇటువైపు మాకు వాళ్ళంతా కనిపిస్తారు, మైకులో వాళ్ళ మాటలూ వినిపిస్తాయి. చిన్నపిల్లల టీచర్లం కావాలంటే ముందు దొంగచాటుగా చూడటం నేర్చుకోవాలి మరి.

నాలుగేళ్ళ మా రెమీ ఆ బడిలోనే ఉన్నాడు. వాడు నా కొడుకని క్లాసులో ఎవరికీ తెలియదు. వాడి ఇంటిపేరు వాళ్ళ నాన్నది. ఆ పేరొక్కటి ఇచ్చి ఆయన ఊరొదిలి పోయాడు. తెల్లవారకముందే నేను డోనట్ల కొట్టులో పనికి పోతాను కాబట్టి వాణ్ణి దింపేదీ తీసుకెళ్ళేదీ మా అమ్మే. అమ్మమ్మని వాడు మెమే అంటాడు. మే నెలలో పట్టా చేతికొస్తే కొట్టు మానేసి, ఏదో ఒక బడిలో టీచరునై, సాయంత్రాలన్నీ వాడికే ఇవ్వాలని నా ఆశ. అందాకా వాడు నన్ను మరిచిపోకుండా ఉంటే చాలనుకున్నాను.

రెమీ వాళ్ళ గది వేరు, దానికి అద్దం లేదు. ఆ రోజు చలికి నీళ్ళు గడ్డకట్టి ఆ గదిలో పైపు పగిలింది. రెండు గదుల పిల్లల్నీ అద్దం ఉన్న గదిలోకి చేర్చారు. చూస్తే ఎదురుగా మా రెమీ!

బొమ్మల వంటింట్లో వాడు భుజాన ఒక సంచి తగిలించుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఒక పాప వాడి చొక్కా పట్టుకుని లాగింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

"ష్! రేపు అమ్మకి పరీక్ష. పోయి మెమేని అడుగు," అన్నాడు వాడు, తల తిప్పకుండానే.

చీకట్లో అందరూ కిసుక్కుమన్నారు.

"పాపం, ఆ తల్లెవరో గానీ! పొద్దస్తమానం ఫోన్లో పడి ఉంటుంది కాబోలు," అంది నా పక్కనున్న బ్రియెల్. పెళ్ళీ పిల్లలూ ఎరగని పిల్ల.

"చూశారా?" అంది మా ప్రొఫెసర్ మెరెడిత్. "ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు. ఇలాంటి కుటుంబాన్ని బడికి ఎలా దగ్గర చేస్తారు? చెప్పండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రిళ్ళు నేను తల దూర్చేది ఆవిడ చదవమన్న పుస్తకాల్లోనే.

"ఫోను కాదు, మీ పుస్తకాలే," అన్నాను. "వాడు నా కొడుకు."

బ్రియెల్ ముఖం కందగడ్డయింది. మెరెడిత్ మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో జోలీన్! ఎంత ధైర్యం నీకు! వెళ్ళు, ఇప్పుడే వెళ్ళి వాడితో ఆడు. మేం ఇక్కణ్ణుంచి చూస్తాం. అందరికీ మంచి పాఠమవుతుంది."

పాఠమట! ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. మార్కులు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. లేచి వెళ్ళాను.

నన్ను చూసి రెమీ ఎగిరి గంతేస్తాడనుకున్నాను. "ఇవాళ నువ్వొచ్చావేంటి? మెమేకి జ్వరమా?" అన్నాడు.

"లేదు నాన్నా. నీతో ఆడుకుందామని వచ్చా."

పుస్తకంలో చెప్పినట్టే మోకాళ్ళ మీద కూర్చుని, వాడి కళ్ళలోకి చూశాను. అద్దంలో నా ముఖం చూసి నాకే అసహ్యం వేసింది.

"ఆటలో నేనెవర్నిరా?"

వాడు బాగా ఆలోచించాడు. భుజానున్న సంచి తీసి నాకు తగిలించాడు.

"నువ్వు అమ్మవి."

ఎంత సంతోషమేసిందో! వాణ్ణి దగ్గరికి లాక్కోబోయాను. వాడు రెండు చేతులతో నన్ను తలుపువైపు నెట్టాడు, కోపంగా కాదు, ఆట రానివాళ్ళకి నేర్పినట్టు.

"అలా కాదమ్మా! అమ్మ బయటికి పోవాలి. అప్పుడు మేం ఆడుకోవాలి."

వాడు చెప్పినట్టే బయటికి వెళ్ళి తలుపు వేశాను. లోపల ఆట మొదలైంది. మళ్ళీ పిలుస్తాడేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.