ఆరో అంతస్తు వాయిదా

మిషన్ల షాపాయన వచ్చేసరికి అక్క బడిపిల్లల చొక్కా జేబుల మీద బడి గుర్తు వేస్తోంది. ఎంబ్రాయిడరీ మిషను ఆపకుండానే ఆయనకి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. మిషను చుట్టూ తిరిగాడు. వంగి అడుగున చూశాడు. సూదులు నడుస్తుంటే తల ఓరగా పెట్టి విన్నాడు. డాక్టర్లు కూడా జబ్బుమనిషిని అంత శ్రద్ధగా చూడరు.

"బాగా చూసుకున్నావమ్మా. కొత్తదానిలా ఉంది," అన్నాడు. "ఇంత పని చేతిలో పెట్టుకుని అమ్మాలని ఎందుకనిపించింది?"

"అనిపించలేదండీ. అవసరం వచ్చింది."

ఆయన చెప్పిన ధర అక్క కొన్నదాంట్లో సగం కూడా లేదు. అక్క బేరమాడలేదు. సాయంత్రం డబ్బుతోపాటు బండి కూడా తెస్తానని ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "మనసు మారితే ముందే ఒక ఫోను కొట్టు తల్లీ. బండి కిరాయి నా నెత్తిన పడుతుంది," అన్నాడు.

ఆ గుమ్మం పక్కనే బావ పాత గుడ్డ పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఏదో అపార్టుమెంటు లిఫ్టు బ్రేకు విప్పదీసి కిరసనాయిలుతో కడుగుతున్నాడు. బేరమంతా వింటూనే ఉన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

మాది ముందుగదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. కాజాలు కుట్టడం, బొత్తాలు వేయడం, ఇస్త్రీ నా పని. కత్తెర అక్కది. రెండేళ్ళు వచ్చినదాంట్లో కొంత దాచి, కొంత అప్పు చేసి అక్క ఆ ఎంబ్రాయిడరీ మిషను కొంది. అది వచ్చాకే బడివాళ్ళు మా దగ్గరికి వచ్చారు. జేబు మీద గుర్తు వేయలేని దర్జీకి బడి చొక్కాలు ఎవరూ ఇవ్వరు. మిషను పోతే మేము మళ్ళీ ప్యాంట్ల పొడవు తగ్గించుకుంటూ, చిరుగులు కుట్టుకుంటూ బతకాలి.

ఈ అవసరమంతా ఎక్కడో పరాయి దేశంలో, ఒక మేడలో, ఆరో అంతస్తులో ఉంది.

బావ అక్కడ లిఫ్టులు బిగించే కంపెనీలో పనిచేసేవాడు. ఒక కొత్త మేడకి లిఫ్టు బిగిస్తుండగా, కట్టినవాళ్ళు పనివాళ్ళకి కూడా ఫ్లాట్లు ఇస్తామన్నారు. ముందు కొద్దిగా కడితే చాలు, మిగతాది బ్యాంకు ఇస్తుంది, ఇల్లు తాకట్టులో ఉంటుంది, వచ్చే అద్దె వాయిదాకి సరిపోతుంది. లెక్క అంత చక్కగా కనబడితే ఎవరు మాత్రం కాదంటారు? బావ కొన్నాడు. తర్వాత కంపెనీ ఆ ఊళ్ళో పని ఎత్తేసింది, బావ తిరిగొచ్చేశాడు. ఇల్లు అక్కడే ఉండిపోయింది. అక్క దాన్ని ఫోనులో చూసిందే కానీ గడప తొక్కి ఎరగదు.

వడ్డీ పెరిగింది. మన డబ్బు విలువ పడిపోయింది. వాయిదా అక్కడి డబ్బులో కట్టాలి కాబట్టి, బావ పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా ఫోను తీసి ఆ డబ్బు ధర చూసేవాడు. "ఇవాళెంత?" అని పొయ్యి దగ్గర్నుంచి అక్క అడిగేది, జ్వరం ఎంతుందని అడిగినట్టు. పెరిగిందంటే ఆ పూట ఎవరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

వీధిలో వాళ్ళకి ఇదేమీ తెలియదు. మందులషాపు ఆవిడ గౌను తీసుకుపోతూ, "విదేశంలో మేడలున్నవాళ్ళు, మా చిల్లర కోసం చూస్తారేంటమ్మా?" అనేది.

"ఆ మేడెక్కడానికి లిఫ్టు ఉంది కానీ దిగడానికి దారి లేదు పిన్నిగారూ. ఆ చిల్లర ఇటివ్వండి," అనేది అక్క. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆవిడ వెళ్ళాక అక్క నవ్వు ఉండేది కాదు.

ఇప్పుడు మూడు వాయిదాలు ఆగిపోయాయి. నెలాఖరులోగా కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని, వేలంలో తక్కువొస్తే ఆ తక్కువ కూడా బావే కట్టాలని బ్యాంకు చెప్పింది. అక్క గాజులు అప్పటికే పోయాయి. మిగిలింది మిషను.

మిషన్లాయన వెళ్ళిన కాసేపటికి బావ ఫోను మోగింది. చేతులు నల్లగా ఉన్నాయి. "మరదలా, అది కాస్త నొక్కు," అన్నాడు. నేను స్పీకరు నొక్కి ఆయన పక్కన నేలమీద పెట్టాను. అవతల మాట్లాడుతున్నది అక్కడి ఇళ్ళ బ్రోకరు. మన భాష వాడే.

"అన్నా, నీ ఫ్లాటుకి మనిషి దొరికాడు. మంచి ధర అనను కానీ బ్యాంకు అప్పు చాలావరకు తీరిపోతుంది. ఇల్లు ఖాళీగా మాత్రం కావాలంటున్నాడు. వచ్చే నెలకల్లా."

"వద్దులే. మళ్ళీ మాట్లాడతాను," అని బావ గబగబా చెయ్యి తుడుచుకోబోయాడు.

"మళ్ళీ ఎప్పుడన్నా? ఎనిమిది నెలలుగా పైసా అద్దె ఇవ్వనివాణ్ణి నట్టింట్లో పెట్టుకున్నావు. పోనీ నేను చెప్పి పంపిస్తానంటే వాణ్ణి తాకొద్దంటావు. నాకేం, నీ ఇల్లు, నీ ఇష్టం."

బావ మోచేత్తోనే ఫోను ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైంది. మిషను ఆగిపోయింది. వెనకింట్లో కుళాయి కారుతున్న చప్పుడు దుకాణంలోకి వినబడింది.

"అద్దె వస్తోందన్నారు," అంది అక్క.

బావ బ్రేకు ముక్కని మళ్ళీ కిరసనాయిల్లో ముంచాడు.

"కొంచెం తగ్గిస్తున్నారన్నారు. ఆ తక్కువకే కదా నా గాజులు తీసుకెళ్ళారు?"

"వస్తే చెప్పనా?"

"రాకపోతే చెప్పాలి! వచ్చినప్పుడు ఎవరైనా చెబుతారు. ఎవరండీ ఆ మహానుభావుడు? మన మిషను మింగి అక్కడ హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నది?"

"జోడీ," అన్నాడు బావ.

 ఆ పేరు మా ఇంట్లో కొత్త కాదు. అసలు పేరు నేనెప్పుడూ వినలేదు. లిఫ్టు పనిలో ఇద్దరిద్దరు జోడీగా ఉంటారు. బావ జోడీ ఆయన. ఒకడు లిఫ్టు తిరిగే షాఫ్టులో లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి అది జారే పట్టాలు సరిచేస్తుంటే, రెండోవాడు పైన మోటారు గదిలో స్విచ్చు దగ్గర ఉంటాడు. పెట్టెమీదవాడు కదపొద్దన్నాడంటే, కదపమని మళ్ళీ ఆ గొంతే చెప్పాలి. మధ్యలో ఎవరు చెప్పినా వినకూడదు. ఎందుకు ఆపమన్నావు, ఇంకా ఎంతసేపు అని అడగకూడదు. ఒకసారి బిల్డింగు మేనేజరు తొందరపడి కదపమని అరిచినా జోడీ కదపలేదు. అప్పుడు బావ కుడిచెయ్యి పట్టాకీ పెట్టెకీ మధ్య ఉంది. ఆ చేత్తోనే ఇప్పుడు బ్రేకు కడుగుతున్నాడు.

"కంపెనీ పని ఎత్తేశాక వాడికి ఇంకో పని దొరకలేదు," అన్నాడు బావ. "అద్దె ఇవ్వలేను, ఇల్లు చూసుకుంటానన్నాడు. నేను చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలొద్దన్నాను. అంతే. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు."

"ఎనిమిది నెలలు?"

"ఏమని అడగను? పని దొరికిందా అనడిగితే, పొమ్మన్నట్టు ఉండదా?"

అక్క ఫ్రేములో బిగించిన జేబుగుడ్డ వైపు చూసింది. గుర్తు సగంలో ఉంది. దారం వేలాడుతోంది.

"ఆ చెయ్యి విలువ నాకు తెలియదా?" అంది. గొంతు తగ్గింది, కోపం తగ్గలేదు. "నాతో చెప్పి ఉంటే నా గాజులు నేనే తీసిచ్చేదాన్ని. ఇది నా నోట్లోంచి ముద్ద లాక్కుని, నాకు తెలియకుండా దానం చేయడం. ఫోనివ్వండి."

"ఏం చేస్తావ్?"

"నేను జోడీని కాదు. నేను అడుగుతాను."

బావ లేవబోయాడు. అక్క చూసిన చూపుకి మళ్ళీ కూర్చున్నాడు. అక్క జోడీకి చేయలేదు, ఆయన భార్యకి చేసింది, స్పీకరు మీదే. మొదట కుశలప్రశ్నలే. పిల్లలు బాగున్నారా, నీ నడుంనొప్పి ఎలా ఉంది. తిట్టడానికి ఫోను చేసినవాళ్ళు కూడా ముందు ఆరోగ్యాలే అడుగుతారు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత అక్క తిన్నగానే అడిగింది.

"నిన్నో మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ ఇల్లు అమ్మాల్సి వస్తే మీకు వెళ్ళడానికి చోటుందా?"

 అవతల్నుంచి ఆ అమ్మాయి ఏడుపు వినబడింది. అక్క మొహం కంగారుగా మారింది.

"ఏడవకే. ఇవాళే పొమ్మనడం లేదు..."

"అది కాదక్కా," అంది ఆ అమ్మాయి. "ఈ మాట కోసమే చూస్తున్నాం. వేసవిలోనే ఈయనకి ఓడరేవు దగ్గర క్రేన్ల పని వచ్చింది. ఉండటానికి ఇల్లు కూడా వాళ్ళే ఇస్తామన్నారు. ఈయనే వద్దన్నారు. అన్న కదలొద్దన్నాడు, ఇంటికి తాళం పడితే బ్యాంకువాళ్ళు వచ్చి కూర్చుంటారేమో, అందుకే మనల్ని ఉంచాడు, ఆయన చెప్పందే ఎలా వెళ్తామన్నారు. ఒక్కసారి ఫోను చేసి అడగమని ఎంత పోరానో! అలా అడగకూడదట. ఈ ఇద్దరి పద్ధతులు నాకేం తెలుస్తాయక్కా?"

బావ చేతిలో బ్రేకు ముక్క గుడ్డమీదికి జారింది.

"అద్దె ఇవ్వకుండా ఉంటున్నామని నాకు అన్నం సయించట్లేదు," అంటోంది ఆ అమ్మాయి. "పక్కింటి పిల్లల్ని చూసుకుంటూ, ఆ వచ్చేదాంతో బిల్డింగు ఖర్చులు మేమే కడుతున్నాం. అన్నకి చెప్పొద్దన్నారు. బాధపడతాడట."

అక్క కళ్ళు మూసుకుంది. "ఆ ఓడరేవు పని ఇంకా ఉందా?" అంది మెల్లిగా.

"అది వేరేవాళ్ళకి ఇచ్చేశారక్కా. అక్కడే మా తమ్ముడున్నాడు. వాడింట్లో ఉండి వెతుక్కోవచ్చు."

అక్క ఫోను బావకి అందించింది. "ఆయన్ని పిలవమనండి. మీ నోటితోనే చెప్పాలటగా."

బావ చేతులు తుడుచుకోలేదు. ఫోను నిండా నల్లటి వేలిముద్రలు పడ్డాయి. అవతల జోడీ గొంతు, "అన్నా," అంది.

"ఒరేయ్," అన్నాడు బావ. జారిన బ్రేకు ముక్క మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి, "ఇంక కదులు," అన్నాడు.

"సరే అన్నా," అన్నాడు ఆయన. అప్పుడు కూడా ఎందుకని అడగలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అక్కకి ఏదీ రాలేదు. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మిషన్లాయనకి ఫోను చేసింది.

"ముందే చెప్పమన్నారు కదండీ. చెబుతున్నాను. అమ్మడం లేదు."

"బండికి అడ్వాన్సు ఇచ్చేశానమ్మా!" అని ఆయన అరవడం నాకు కూడా వినబడింది.

"మీ మనవడికి రెండు చొక్కాలు కుట్టిస్తాను. ఊరుకోండి."

ఆయన ఊరుకోలేదు. మూడు చొక్కాలకి ఒప్పుకున్నాడు.

ఇల్లు తర్వాతి నెలలో అమ్ముడైంది. ఆగిన వాయిదాలు కొన్నవాడే బ్యాంకుకి కట్టేలా, దానికి తగ్గట్టు ధర తగ్గించుకునేలా బ్రోకరు మాట్లాడాడు, అమ్మకం దాకా వేలం ఆపించాడు. అంతా పోగా ఇంకా కొంత అప్పు మిగిలింది. దాన్ని బ్యాంకు చిన్న వాయిదాలు చేసింది. ఇంతకుముందు ఇల్లూ ఉంది, అప్పూ ఉంది. ఇప్పుడు అప్పు ఒక్కటే ఉంది. పరాయి దేశంలో బావ సంపాదించిందంతా ఏమైందని అడిగితే చూపించడానికి మా దగ్గర ఒక తాళంచెవి కూడా లేదు. జోడీకి ఇంకా పని దొరకలేదు.

ఆ రోజుల్లో అక్క బావతో తిన్నగా మాట్లాడటం మానేసింది. ఆయన చేయి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని ఉన్నా, "మీ బావని అన్నానికి రమ్మను," అనేది నాతో. బావ కూడా, "వస్తున్నానని మీ అక్కకి చెప్పు," అనేవాడు. మధ్యలో నేను ఇస్త్రీపెట్టె పట్టుకుని ఇద్దరి మాటలూ మోసేదాన్ని. బావ తెచ్చిన కూలి డబ్బంతా కత్తెర పక్కన పెట్టి వెళ్ళేవాడు. అక్క తీసుకునేది. లెక్క అడిగేది కాదు. అడక్కపోవడమే ఆయనకి ఎక్కువ బాధగా ఉన్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం బడి చొక్కాలన్నీ మడతపెట్టి మూటలు కడుతున్నాం. బావ పనికి బయల్దేరుతూ సామాను సంచి భుజాన వేసుకున్నాడు. ఆయన ఫోను మోగింది. ఎవరిదో చూసుకుని, మాట్లాడటానికి అలవాటుగా వీధిలోకి నడవబోయాడు.

"బ్యాంకువాళ్ళేనా?" అంది అక్క. నాతో కాదు, ఆయనతోనే.

బావ ఆగిపోయాడు. "ఊఁ. వాయిదా తారీఖు గుర్తుచేస్తున్నారు."

"ఇక్కడే మాట్లాడండి."

బావ గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. అక్క మూట ముడి బిగిస్తూ వింటోంది. ఆయన ఫోను పెట్టేయబోతుంటే చెయ్యి ఎత్తి ఆపింది.

"నా నంబరు కూడా రాసుకోమనండి. మీకు చేసిన ప్రతిసారీ నాకూ చేయాలని చెప్పండి."

"నీకెందుకే ఆ తలనొప్పి?"

"చెప్పండి."

బావ అక్క నంబరు ఒక్కొక్క అంకె చెప్పాడు. మధ్యలో ఒక అంకె తడబడితే అక్కే అందించింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. అక్క ఒక మూట ఆయన వైపు తోసింది.

"దారిలోనే కదా బడి. ఇచ్చి వెళ్ళండి. డబ్బు ఇవాళే ఇస్తారేమో అడగండి. ఊరికే నిలబడి రాకండి. నోరు తెరిచి అడగండి."

"అడుగుతాను," అన్నాడు బావ, మూట ఎత్తుకుంటూ.