ముక్కు దగ్గర వాన

వదిన పొద్దున్నే గదిలోకి రాగానే కాగితాలన్నీ బీరువాలో పెట్టి తలుపు వేస్తుంది. తలకి ప్లాస్టిక్ టోపీ తగిలించుకుంటుంది. ఆ తరవాతగానీ కోత యంత్రం ముందు కూర్చోదు. చేప మెదడుని మైనపు ముద్దలో పెట్టి చక్రం తిప్పితే, ఉల్లిపొర కన్నా పలచటి ముక్కలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రిబ్బనులా దిగుతాయి. గుడ్లు పెట్టించే హార్మోన్లు తయారుచేసే నరకణాలు ఉన్న ముక్క కత్తి మీదికి రాగానే గదిలో చినుకులు పడతాయి. పడ్డంతసేపూ ముక్కల్ని గాజు పలకల మీదికి ఎక్కించాలి, ఆగిపోతే కణాలు అయిపోయినట్టు. ఆ పరిశోధనాలయంలో ఎన్నో రకాల చేపల్ని అలాగే కోశారు. ఏ చేపకైనా, రెండు కళ్ళ నరాలు ఒకదాన్నొకటి దాటుకునే చోటికి కాస్త ముందు వాన పడేది. అందుకని ముక్కు వైపు భాగాన్ని ముందే చెక్కేసి చెత్తబుట్టలో వెయ్యడం అక్కడి అలవాటు. పడని వానకి గొడుగు పట్టడం ఎందుకని.

ఆమెను వదినా అని మొదట పిలిచింది సొంత ఆడపడుచే. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే కొలువు. ఆడపడుచు కింది షెడ్డులో చేపల తొట్లు చూస్తుంది, అందరికీ ఆమె చేపలమ్మ. ఆమె నోటి ధాటికి భవనమంతా వదినా అనడం మొదలుపెట్టింది. ఒకసారి డైరెక్టరు పెద్దాయన కూడా మీటింగులో నోరుజారి "వదినగారు చెప్పినట్టు" అనేశాడు.

చిక్కంతా ఆ ఏడాది నల్లచేపలతో వచ్చింది. వేలెడంత పిల్లలప్పుడు తెచ్చి, వడకట్టిన శుభ్రమైన నీళ్ళలో చేపలమ్మ పెంచింది. దుక్కల్లా పెరిగాయి కానీ ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. కారణం తేల్చమని వదినకి అప్పగించారు. ఆమె ఒకదాని తరవాత ఒకటి కోస్తూ పోయింది. చినుకు మాట దేవుడెరుగు, గదిలో గాలి కూడా చల్లబడలేదు.

ఇంట్లో అన్నాలు తినేటప్పుడు చేపలమ్మ అడిగేది.

"పొద్దున తీసుకెళ్ళిన పిల్లకి వాన పడిందా వదినా?"

"లేదమ్మడూ."

"అయితే అదీ ఊరికే పోయిందన్నమాట."



చివరికి పెద్దాయన తేల్చేశాడు. "ఇంకొక్కటి కొయ్యండి. దీనికీ పడకపోతే ఈ జాతికి ఆ కణాలే లేవని రాసేసి తొట్టి ఖాళీ చేసేద్దాం. చేపలమ్మని దాణా గోదాముకి పంపిద్దాం." తొట్టి ఖాళీ చెయ్యడమంటే చేపల్ని ఎక్కడో వదిలిపెట్టడం కాదని అందరికీ తెలుసు.

ఆ ఆఖరి చేపని చేపలమ్మే ఎంచింది. బకెట్టు తెచ్చి వదిన కాళ్ళ దగ్గర పెట్టింది.

"తొట్టిలో చెయ్యి పెడితే మొదట వచ్చేది ఇదే. నమ్మి వస్తుంది కాబట్టి పట్టుకోవడం తేలికైంది. ఇస్తున్నాను గానీ ఒక్క మాట. దీన్ని మొత్తం కొయ్యి. ముక్కు చెక్కి చెత్తలో వేశావంటే నీకూ నాకూ మాటల్లేవు. నా పిల్ల చెత్తబుట్టలో పడటానికి వీల్లేదు."

అది దండగ పని, కత్తి అరుగుతుంది అందామనుకుంది వదిన. ఆ మొహం చూసి, "సరే అమ్మడూ" అంది.

మెదడుకి మైనం ఎక్కే రోజులన్నీ చేపలమ్మ ఇంట్లో నోరు విప్పలేదు. ఆమె అన్న, అంటే వదిన భర్త, భయపడి డాక్టరుకి చూపిద్దామా అని కూడా అడిగాడు.

వదిన మాట ప్రకారం ముక్కు కొస నుంచే మొదలుపెట్టింది. మొదటి ముక్క దిగగానే చేతిమీద చినుకు పడింది. చెమటేమో అనుకుంది. నాలుగు ముక్కలు దిగేసరికి కుండపోత. టోపీ ఏ మూలకీ చాలలేదు. గదంతా కొత్తనీరు వచ్చిన ఏటి వాసన.

పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. "పైన ట్యాంకు పగిలిందా?"

"లేదు సార్. ముక్కు దగ్గరున్నాను."

ఆయన ప్యాంటు మడుచుకుని, గాజు పలకలు అందిస్తూ పక్కన నిలబడ్డాడు. "ఈ కణాలు పుట్టేది ముక్కు దగ్గరేనమ్మా. చేప పెరిగేకొద్దీ లోపలికి నడవాలి. వీటివి గుమ్మంలోనే ఆగిపోయినట్టున్నాయి."

"మనం గుమ్మం చెక్కేసి ఇల్లంతా వెతికాం సార్" అంది వదిన.

నీళ్ళు గడప దాటి, మెట్లు దిగి షెడ్డు వైపు పోయాయి. తన శుభ్రమైన తొట్టిలో మురికి కలుస్తుందని చేపలమ్మ గోనెసంచులు అడ్డం పెట్టింది. అంతలో చూస్తే, చేపలన్నీ ఆ వైపుకే చేరి, ముక్కులు పైకెత్తి నిలబడి ఉన్నాయి. చేపలమ్మ సంచులు లాగి అవతల పారేసి, ఆ నీళ్ళని తొట్టిలోకి రానిచ్చింది.

"వదినా! ఆపకు! తిప్పుతూనే ఉండు!"

ముక్కు భాగం అయిపోయేదాకా వదిన చెయ్యి ఆపలేదు. వాన వెలిసింది. సాయంత్రానికి తొట్టి గోడల నిండా గసగసాల్లా గుడ్లు అంటుకుని ఉన్నాయి. పెద్దాయన వంగి చాలాసేపు చూసి, "దాణా గోదాముకి ఇంకెవరినైనా చూసుకోవాలి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

చేపలమ్మ పైకొచ్చింది. వదిన ఆమెని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి కణాలు చూపించింది. ఆమె కన్ను తియ్యకుండా చూసింది.

"వదినా, ముందు కోసినవాటికి కూడా ఇవి ముక్కు దగ్గర ఉండేవేనా?"

తెలియదని చెప్పొచ్చు. ఎవరూ కాదనరు. ఆ ముక్కులన్నీ ఎప్పుడో చెత్తలో పోయాయి.

"ఉండేవే అమ్మడూ. మొదటిదాన్ని పూర్తిగా కోసుంటే రెండోది బతికేది. మిగతావన్నీ బతికేవి. నాదే తప్పు."

చేపలమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఆమె దగ్గరికి వెళ్ళడానికి వదిన భయపడింది.

కాసేపటికి చేపలమ్మ వెనక్కి తిరిగింది. కొక్కేనికున్న తువ్వాలు తీసి వదిన నెత్తిమీద వేసింది.

"తడి తల, జలుబు చేస్తుంది" అని, తనే గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.