ఉస్తాజ్ బహ్గత్ నొక్కిన ‘సరే’

మొహర్రం బే పేటలో పెళ్ళి ఫొటోలంటే అందరూ గౌరవంగా ఉస్తాజ్ అని పిలిచే బహ్గత్ పేరే చెబుతారు. పెళ్ళికూతురి ముఖం మీద వెలుతురు ఎటునుంచి పడాలో ఆయనకు తెలిసినట్టు అలెగ్జాండ్రియాలో ఇంకెవరికీ తెలియదు. అంత నేర్పుగా తీసిన ఫొటోలను కంప్యూటర్లోంచి చెరిపెయ్యడంలో కూడా ఆయనకు సాటి వచ్చేవారు లేరు.

మతిమరుపు మనిషేమీ కాదు. శుభ్రత పిచ్చి. తెర మీద ఫైళ్ళు గుట్టలు పడితే ఆయనకు ఒళ్ళంతా దురద పుట్టినట్టుంటుంది. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని తుడుపు మొదలుపెడతాడు. ఇది పాతది, ఇది రెండోసారి తీసింది, ఇది ఎవరిదో తెలియదు అని గొణుక్కుంటూ ఒక్కొక్కటే తీసి పారేస్తాడు. పోయినవి కంప్యూటర్ చెత్తబుట్టలో ఉంటాయి కదా, వెనక్కి తెచ్చుకోవచ్చు అని అక్కడ పనిచేసే ఇనాస్ ఒకసారి ధైర్యం చెప్పబోయింది. చూస్తే బుట్ట కూడా ఖాళీ.

“చెత్త దాచుకోవడమేంటమ్మాయ్? మీ ఇంట్లో అలాగే చేస్తారా?” అన్నాడాయన.

ఇనాస్ ఆ స్టూడియోలో ఫొటోలకు మెరుగులు దిద్దుతుంది. షౌకత్ రెండో కెమెరా పట్టుకుంటాడు. ఆల్బమ్ ఏదని పెళ్ళివారు మీదపడినప్పుడు ఉస్తాజ్‌కు ఎక్కడలేని పని గుర్తొచ్చి బజారుకు పోతాడు. తిట్లు వీళ్ళిద్దరి వాటా.

ఇనాస్ ఊరుకునే పిల్ల కాదు. ముందు కీబోర్డులోంచి ఆ చెరిపే మీటను పెకలించి సొరుగులో దాచింది. ఉస్తాజ్ సాయంత్రానికల్లా కొత్త కీబోర్డు కొనుక్కొచ్చి, పాతదాంట్లో మీటలు రాలిపోతున్నాయి, ఈ కాలపు సరుకే అంత అన్నాడు. తర్వాత ఫొటోలున్న ఫోల్డర్లకు ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసింది. ఆయన నలుగురు ఖాతాదారుల ముందు నిలబడి, నా కొట్టుకు నాకే తాళమా అని ఒక పూట పూటంతా పాడాడు. తాళం తీయక తప్పలేదు.

నిజానికి కంప్యూటర్ పాపం ప్రతిసారీ అడుగుతూనే ఉంటుంది. ‘ఈ ఫైళ్ళు శాశ్వతంగా పోతాయి. తీసెయ్యమంటారా?’ అని చిన్న పెట్టె ఒకటి తెర మీదికి వస్తుంది. అది పూర్తిగా తేలకముందే ఉస్తాజ్ ‘సరే’ నొక్కేస్తాడు. ఈగను తోలినంత తేలికగా.

ఆ ‘సరే’ వల్లే ఆయనకు తోడబుట్టిన అక్క దూరమైంది. హజ్ యాత్ర చేసొచ్చి హాజ్జా అనిపించుకున్న సమీహా స్టూడియో పైనున్న అంతస్తులోనే ఉంటుంది. ఆవిడ కూతురు గాదా పెళ్ళి ఫొటోలు ఉస్తాజ్ తానే స్వయంగా, ఎవరినీ కెమెరా ముట్టుకోనివ్వకుండా తీశాడు. అచ్చు వేయకముందే తానే స్వయంగా తుడిచేశాడు కూడా. హాజ్జా అరవలేదు, ఏడవలేదు. అప్పటిదాకా మధ్యాహ్నం అయ్యేసరికి ఆవిడ బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్టలో తమ్ముడికి భోజనం దిగేది. ఆ రోజు నుంచి బుట్ట ఆయన గుమ్మం ముందునుంచే మెల్లగా జరిగి పక్కనున్న ఇస్త్రీ కొట్టు ముందు వాలడం మొదలుపెట్టింది. ఇస్త్రీ అతను ఒళ్ళు చేశాడు. ఉస్తాజ్ ఆ వాసన పీలుస్తూ ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ శాండ్‌విచ్ తినేవాడు.

ఆ పెట్టెలోని మాటలే మార్చాలన్న ఆలోచన ఇనాస్‌కు ఎలా తట్టిందంటే, కాలేజీలో ఉన్న రోజుల్లో కొందరు మిత్రులతో కలిసి ఉచితంగా దొరికే కంప్యూటర్ వ్యవస్థకు అరబ్బీ మాటలు సమకూర్చింది. వైరస్‌ల బాధ పడలేక స్టూడియోలో పెట్టుకున్నదీ అదే. అందులో ఏ పెట్టెలో ఏ వాక్యం కనబడాలో ఆ మాటలన్నీ ఒకచోట ఉంటాయి. వాటిని మార్చడం ఆమెకు చెయ్యి తిరిగిన పని. ముందు జాగ్రత్తగా, ప్రతి ఫొటోకూ ఒక నకలు దానంతట అదే తన సొరుగులోని డిస్కులోకి పోయేలా ఏర్పాటు చేసుకుంది. ఇక ఉస్తాజ్ ఎంత తుడిచినా నష్టం లేదు. అప్పుడు సరదాగా పెట్టెలోని ప్రశ్న మార్చింది.

మర్నాడు పొద్దున ఉస్తాజ్ టీ తాగుతూ తుడుపుకు కూర్చున్నాడు. ‘నేనొక గాడిదనని ఒప్పుకుంటున్నాను’ అని పెట్టె వచ్చింది. ‘సరే’ నొక్కాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. వెనక గదిలో షౌకత్ తెల్ల పరదాలో ముఖం దాచుకుని కూలబడిపోయాడు. ఆ పూట ఉస్తాజ్ ఎన్నిసార్లు ఒప్పుకున్నాడో లెక్కలేదు.

ఊరికే నవ్వుకుంటే ఏం లాభమని షౌకత్ అన్నాడు. ఆ మరుసటి ప్రశ్న ‘ఈ మధ్యాహ్నం అందరికీ వేయించిన బూరీ చేపలూ సయ్యాదియ్యా అన్నమూ తెప్పిస్తాను’ అని ఉంది. ఈసారి ఇనాస్ ఆయన కుర్చీ పక్కనే నిలబడి, పెట్టెలో ఏముందో చదివారా అని మర్యాదగా అడిగింది. చదివానమ్మా, ఎన్నేళ్ళుగా చూస్తున్న పెట్టెనే అని ఆయన నొక్కాడు. షౌకత్ అప్పటికే తెరను ఫోన్‌లో ఫొటో తీసేశాడు.

అది చూపిస్తే ఉస్తాజ్ కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, రెండు రకాలుగానూ చూశాడు.

“కంప్యూటర్‌కి ఆకలేసిందా?”

“దానికి కాదు ఉస్తాజ్, మాకు” అంది ఇనాస్.

ఆయన కోప్పడతాడనుకుంది. మాట మాటే అని లేచి, అన్ఫూషీ చేపల బజారు దాకా పోయి చేపలు తానే ఏరి తెచ్చాడు. తింటూ, తనను గాడిద అనిపించిన సంగతి కూడా రాబట్టి, ముల్లు గొంతులో పడేలా నవ్వాడు. తర్వాత ఒకటి రెండు రోజులు ప్రతి పెట్టెనూ వేలుపెట్టి చదివాడు. మూడోనాటికి పాత కథే. పెళ్ళిళ్ళ కాలం, పైగా ఎండ. చదివే ఓపిక ఎవరికుంటుంది?

అప్పుడు ఇనాస్‌కు కొంటెతనం ముదిరింది. ఈసారి ‘శుక్రవారం మా అక్క సమీహాను భోజనానికి పిలుస్తాను’ అని రాసింది. ఉస్తాజ్ ఈల వేస్తూ ‘సరే’ నొక్కాడు. షౌకత్ ఫోన్ చూపించాడు. ఈల ఆగిపోయింది.

“చేపల దాకా బాగానే ఉంది” అన్నాడాయన మెల్లగా. “దీంతో ఆటలేంటమ్మాయ్?”

హద్దు దాటానని ఇనాస్‌కు తెలిసింది. వెంటనే మార్చేస్తాను, మన్నించండి అనబోయేలోపు షౌకత్ తలగోక్కుంటూ ఇంకో సంగతి బయటపెట్టాడు. ఉస్తాజ్ ఎలాగూ నొక్కుతాడనే ధీమాతో తాను పొద్దున్నే బాల్కనీ కింద నిలబడి హాజ్జాకు కబురు వినిపించేశాడట. ఆవిడ బట్టలు ఆరేస్తూ, పిలవాలంటే వాడే మెట్లెక్కి రావాలి, మధ్యలో నువ్వెవడివి అందట.

ఉస్తాజ్ షౌకత్ వంక చూసిన చూపుకు కెమెరా లెన్సు పగలాల్సింది. తర్వాత చొక్కా సర్దుకున్నాడు. జుట్టు లేకపోయినా దువ్వుకున్నాడు. మెట్లెక్కాడు.

కింద ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. పైన హాజ్జా గొంతు లేచింది. చిన్నప్పుడు ఆయన ఇంట్లోని పావురాన్ని వదిలేసిన దగ్గర నుంచి మొదలుపెట్టి, వాళ్ళ నాన్న రేడియో విప్పి పాడుచేసిన సంగతి మీదుగా పెళ్ళి ఫొటోల దాకా అన్నీ దులిపింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి విన్నారు. ఇస్త్రీ అతను కొట్టు ముందుకొచ్చి దిగులుగా పైకి చూశాడు. తిట్లు పడుతున్నాయంటే పని అయినట్టేనని షౌకత్ అన్నాడు. అయింది. వాడి కూడు నేను తినను, వాడే వచ్చి నా ఇంట్లో తినాలి అని హాజ్జా తీర్పు చెప్పింది. ఇనాస్‌నూ షౌకత్‌నూ కూడా రమ్మంది.

శుక్రవారం భోజనంలో ములూఖియా ఆకుకూర పులుసు వడ్డిస్తూ ఆవిడ తన షరతు బయటపెట్టింది.

“నా కూతురి పెళ్ళి ఫొటోలు నాకు కావాలి.”

“పోయాయక్కా. ఎక్కడా లేవు.”

“అయితే మళ్ళీ తియ్యి.”

ఉస్తాజ్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. హాజ్జా వేళాకోళానికి అనలేదు. గాదాకు కబురు వెళ్ళింది. అప్పట్లో గౌను అద్దెకిచ్చిన కొట్లో అలాంటిదే ఇంకొకటి దొరికింది. అయితే గాదా ఈలోగా ఒక బిడ్డ తల్లి అయింది, గౌను వీపు దగ్గర మూతపడలేదు. ఇనాస్ బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించింది. పెళ్ళికొడుకు వజ్దీ పరిస్థితి మరీ అన్యాయం. అత్తగారి వంట తిని పొట్ట వచ్చింది, ముందు జుట్టు పోయింది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టి ఎర్రగా కందిపోయేవాడు. పెళ్ళినాడు కూడా ఇలాగే కందాడు, ఏం తేడా లేదు అని హాజ్జా తేల్చింది.

అసలు చిక్కు వాళ్ళ పాప తాలియాతో వచ్చింది. తల్లి గౌను చూసి ఆ పిల్లకు మతి పోయింది, కుచ్చిళ్ళు పట్టుకుని వదలదు. ఫొటోలో పిల్ల కనబడకూడదని హాజ్జా పట్టు.

“పెళ్ళినాటికి పిల్ల ఎక్కడుందిరా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?”

బతిమాలారు, బిస్కెట్లు పెట్టారు, చివరికి పిల్లను గౌను కింద దాచారు. లోపల అదే ఇల్లనుకుని అది హాయిగా కూర్చుంది. ఉస్తాజ్ ఆ రోజు ఎంత బాగా తీశాడంటే, షౌకత్ దీపం పట్టుకోవడం మరిచి చూస్తూ నిలబడ్డాడు. క్లిప్పులు కనబడలేదు, పొట్ట కనబడలేదు. వధూవరులిద్దరూ నిజంగానే సిగ్గుపడుతున్నట్టు వచ్చారు.

మర్నాడు హాజ్జా ఎంపిక చేయడానికి స్టూడియోలోకి దిగింది. ఆ గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో. అన్నిటికంటే మంచి ఫొటో దగ్గర ఆవిడ వేలు ఆగింది. గౌను అంచు కిందినుంచి చిన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఉంది. చేతిలో సగం కొరికిన బిస్కెట్.

“ఇది తీసెయ్యి” అంది హాజ్జా.

ఉస్తాజ్ చేతులు కట్టుకున్నాడు. ఇంత మంచి వెలుతురు మళ్ళీ రాదని, చచ్చినా తీసెయ్యనని అన్నాడు. ఇనాస్ తన చెవులను తాను నమ్మలేదు. హాజ్జాకు ఒళ్ళు మండింది. ఉంచాల్సినవి చెరిపి, చెరపాల్సినవి ఉంచుతావేంట్రా అని తమ్ముణ్ణి కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది. మీట ఏదని ఇనాస్‌ను అడిగి నొక్కింది. పెట్టె వచ్చింది. అందులో ఇప్పుడు ఏ కొంటెతనమూ లేదు, భోజనం నాడే ఇనాస్ పాత మాటలు తిరిగి పెట్టేసింది.

హాజ్జా సంచీలోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పెట్టెలో ఉన్నదంతా పైకి చదివింది. ఆ స్టూడియోలో ఆ పెట్టెను మొదటి నుంచి చివరిదాకా చదివి, అర్థం కూడా అడిగిన మొదటి మనిషి ఆవిడే.

“శాశ్వతంగా అంటే?”

“ఇక రాదక్కా” అన్నాడు ఉస్తాజ్. నేల చూస్తూ అన్నాడు.

ఆవిడ తమ్ముడి ముఖం కేసి కాసేపు చూసింది. తర్వాత ఫొటో కేసి చూసింది. ఆ చిన్న వేళ్ళకు బిస్కెట్ పొడి అంటుకుని ఉంది. ‘వద్దు’ అన్నచోట బాణం ఎలా పెట్టాలో ఇనాస్‌ను అడిగి, తానే నొక్కి లేచింది. సొరుగులోని డిస్కు సంగతి ఇనాస్ చెప్పనే లేదు.

ఆ ఫొటోనే పెద్దదిగా అచ్చువేయించి బంగారు రంగు చట్రంలో హాజ్జా ముందు గదిలో తగిలించారు. వచ్చినవాళ్ళు చూసి, గౌను కింద ఆ చెయ్యి ఎవరిదని అడుగుతుంటారు. వజ్దీ తరఫు బంధువుల పిల్ల, భలే అల్లరిది, పెళ్ళిలో గౌను కిందే తిరిగింది అని హాజ్జా కళ్ళార్పకుండా చెబుతుంది. తాలియా మాత్రం ఎవరొచ్చినా చట్రం దగ్గరికి లాక్కెళ్ళి, అది నేనే, అమ్మ పెళ్ళిలో బిస్కెట్ తిన్నాను అంటుంది.